కచేరీ రికార్డింగులు ఎంపీ3 చేస్తే తంబుర వణుకుతోంది, ఏ సెట్టింగు వాడాలి?

శ్రుతిపెట్టె

నమస్కారం. నా దగ్గర సుమారు 200 గంటల కర్ణాటక సంగీత కచేరీలు ఉన్నాయి. ఎక్కువ భాగం సీడీల నుంచి తీసిన ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన) ఫైళ్లు, మిగతావి క్యాసెట్ల నుంచి ఎక్కించిన వేవ్ ఫైళ్లు. కారు కోసం 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి, ఫోన్ కోసం వేరుగా చిన్న ఫైళ్లు చేసుకోవాలి. కారు స్టీరియో ఎంపీ3, ఏఏసీ, డబ్ల్యూఎంఏ మాత్రమే చదువుతుంది.

ప్రస్తుతం ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత మార్పిడి ప్రోగ్రాంతో 128 కేబీపీఎస్ స్థిర బిట్‌రేటు ఎంపీ3 చేస్తున్నాను. మంచి హెడ్‌ఫోన్‌తో వింటే మూడు తేడాలు తెలుస్తున్నాయి. ఆలాపన వెనక తంబుర నిలకడగా ఉండడం లేదు, నీళ్లలోంచి వస్తున్నట్టు వణుకుతోంది. తని ఆవర్తనంలో ఘటం మీద దెబ్బ పడే ముందే సన్నగా "స్స్" అని వినిపిస్తోంది. ఆలాపన ఒక ట్రాకు, కృతి ఇంకో ట్రాకు అయినప్పుడు మధ్యలో చిన్న ఖాళీ వస్తోంది.

192కి పెంచితే సరిపోతుందా, మారే బిట్‌రేటు వాడాలా? జాయింట్ స్టీరియో ఆపేస్తే బాగుంటుందని కొందరు అంటున్నారు, నిజమేనా? ఎన్‌కోడరు వేగం తగ్గిస్తే నాణ్యత పెరుగుతుందా?

బిట్ల_లెక్క

ముందు స్థలం లెక్క చూద్దాం. 128 దగ్గర గంటకు 57.6 ఎంబీ, 200 గంటలకు 11.5 జీబీ. ఎంపీ3లు చేసే లేమ్ ఎన్‌కోడరులో వి2 (మారే బిట్‌రేటులో ఒక నాణ్యత మెట్టు) పెడితే సగటు 190 కేబీపీఎస్ చుట్టూ ఉంటుంది, గంటకు 85 ఎంబీ, మొత్తం 17 జీబీ. వి0 సగటు 245 చుట్టూ, మొత్తం 22 జీబీ. సంగీతాన్ని బట్టి ఈ సగటు అటూ ఇటూ అవుతుంది కానీ ఎలా చూసినా మీ పెన్‌డ్రైవ్‌లో చోటు ఉంది. 128 దాకా పిండాల్సిన అవసరమే లేదు.

ఇక తంబుర సంగతి. ఎంపీ3 ఎన్‌కోడరు శబ్దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కను 576 పౌనఃపున్య గీతలుగా విడదీస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర గీతకీ గీతకీ మధ్య దూరం 38 హెర్ట్జ్. దీన్ని పొడుగు బ్లాకు అంటారు. మృదంగం దెబ్బ లాంటిది హఠాత్తుగా వస్తే, అది ఎప్పుడు పడిందో కచ్చితంగా పట్టుకోవడానికి పొట్టి బ్లాకుకి మారుతుంది. అప్పుడు గీతలు 192 మాత్రమే, మధ్య దూరం 115 హెర్ట్జ్. ఒకటి శ్రుతి (షడ్జం సి దగ్గర) తంబురలో సారణి తీగలు 130.8 హెర్ట్జ్ దగ్గర, పంచమం 98 దగ్గర, మంద్ర షడ్జం 65.4 దగ్గర మోగుతాయి. మంద్రం తీగ హార్మోనిక్స్ 65 హెర్ట్జ్‌కి ఒకటి చొప్పున పైకి పోతాయి. 115 హెర్ట్జ్ దూరంలో గీతలు ఉన్నప్పుడు ఇవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ కలిసిపోయిన రూపాన్ని శుభ్రంగా రాయాలంటే బిట్లు చాలా ఎక్కువ కావాలి. కచేరీ మొత్తం తంబుర ఆగదు, దాని మీదే మృదంగం పడుతూ ఉంటుంది. ఒకటి స్వరంలో సూక్ష్మత అడుగుతుంది, ఇంకొకటి కాలంలో సూక్ష్మత అడుగుతుంది. ఎంపీ3కి మన కచేరీ కష్టమయ్యేది ఇందుకే.

మృదంగం లేని ఆలాపనలో వణుకు మరో కారణంతో వస్తుంది. తంబురకు జీవం పోసే జీవాళిలో పై హార్మోనిక్స్ చాలా సన్నగా ఉంటాయి. బిట్లు చాలనప్పుడు ఎన్‌కోడరు ముందుగా సున్నా చేసేది ఈ సన్నటి గీతలనే. ఒక ఫ్రేములో ఉంచుతుంది, తర్వాతి ఫ్రేములో గాయకుడు గొంతు పెంచితే తీసేస్తుంది, మళ్లీ పెడుతుంది. ఫ్రేము నిడివి 26 మిల్లీసెకన్లు. అంత త్వరత్వరగా పై నాదం వస్తూ పోతూ ఉంటే చెవికి అది వణుకుగా తెలుస్తుంది.

ఘటం ముందు వినిపించే "స్స్" పేరు ప్రీ-ఎకో. పొడుగు బ్లాకు కిటికీ 1152 శాంపిళ్లు, అంటే 26 మిల్లీసెకన్లు. విలువలను కుదించడం వల్ల పుట్టే రొద ఆ కిటికీ అంతా పరుచుకుంటుంది. దెబ్బ కిటికీ చివర్లో పడితే ముందున్న నిశ్శబ్దంలో కూడా ఆ రొద వినిపిస్తుంది. పెద్ద శబ్దం తన తర్వాత వచ్చే రొదను మన చెవికి బాగానే కప్పేస్తుంది, కానీ తనకు ముందున్న రొదను కొద్ది మిల్లీసెకన్ల మేరకే కప్పగలదు. పొట్టి బ్లాకు కిటికీ 8.7 మిల్లీసెకన్లు కాబట్టి అక్కడ ఇబ్బంది తగ్గుతుంది, కానీ చెప్పాను కదా, దానికి బిట్లు కావాలి. 128 స్థిర బిట్‌రేటులో ఫ్రేముకు వచ్చేవి 418 బైట్లు. ముందు ఫ్రేముల్లో మిగిలినవి వాడుకునే వీలుంది, దాని హద్దు 511 బైట్లు. తనిలో ముక్తాయింపు వచ్చేసరికి దెబ్బ మీద దెబ్బ పడి ఆ నిల్వ ఖాళీ అయిపోతుంది. వి2లో అయితే అవసరమైన ఫ్రేము 320 స్థాయికి, అంటే 1044 బైట్ల దాకా వెళ్తుంది, తంబుర ఒక్కటే ఉన్న చోట కిందికి దిగుతుంది.

కాబట్టి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో బిట్‌రేటు ఆప్షను పూర్తిగా తీసేసి "క్యూ కోలన్ ఏ" అనే దానికి 2 ఇవ్వండి. అది లేమ్ వి2తో సమానం. బిట్‌రేటు, ఇది రెండూ కలిపి ఇవ్వకండి. నాదస్వరం, వీణ ఉన్న రికార్డింగులకు 1 లేదా 0 ఇవ్వండి. నాదస్వరంలో హార్మోనిక్స్ పైదాకా గట్టిగా ఉంటాయి, వి2 దగ్గర కూడా జాగ్రత్తగా వింటే దొరికే సందర్భాలు ఉన్నాయి.

జాయింట్ స్టీరియో ఆపకండి. లేమ్ ఒక్కో ఫ్రేముకు ఎడమ-కుడి రాయాలా, మొత్తం-తేడా రాయాలా అని చూసి తక్కువ ఖర్చయ్యేది ఎంచుకుంటుంది. మొత్తం-తేడా నుంచి ఎడమ-కుడి తిరిగి లెక్కగా వచ్చేస్తాయి, అందులో పోయేదేమీ లేదు. చెడ్డపేరు తెచ్చింది ఇంటెన్సిటీ స్టీరియో అనే వేరే పద్ధతి, లేమ్ దాన్ని వాడదు. కచేరీలో గాయకుడు, మృదంగం మధ్యలోనే ఉంటారు కాబట్టి జాయింట్ ఆపితే ఒకే సంగతిని రెండుసార్లు రాసినట్టవుతుంది.

వేగం సెట్టింగు వేరు, నాణ్యత సెట్టింగు వేరు. లేమ్‌లో చిన్న క్యూ అల్గారిథం ఎంత ఓపికగా వెతకాలో చెబుతుంది, పెద్ద వి ఎంత నాణ్యత కావాలో చెబుతుంది. వి2 పెట్టాక చిన్న క్యూ జోలికి వెళ్లనక్కర్లేదు. 128 దగ్గర దాన్ని 0 చేసినా మీ తంబుర బాగుపడదు.

హంసధ్వని_హెచ్‌వైడీ

మీ స్టీరియో ఏఏసీ చదువుతుంది అన్నారు. అయితే ఎంపీ3 ఎందుకు? పై లెక్కనే ఏఏసీకి వేసి చూడండి. పొడుగు బ్లాకులో 1024 గీతలు, మధ్య దూరం 21.5 హెర్ట్జ్, తంబురకు దాదాపు రెట్టింపు సూక్ష్మత. పొట్టి బ్లాకు కిటికీ 256 శాంపిళ్లు, 5.8 మిల్లీసెకన్లు, ఘటానికి ఎంపీ3 కన్నా మేలు. మన సంగీతం అడిగే రెండు కొసల్లోనూ ఏఏసీ ముందుంది. పైగా ఎంపీ3లో 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్న చివరి పట్టీకి తనకంటూ విడి స్కేలు లేదు. అక్కడ సూక్ష్మత కావాలంటే మొత్తం ఫ్రేము ఖర్చు పెరుగుతుంది. వి0 ఫైళ్లు కొన్నిసార్లు అనవసరంగా ఉబ్బడానికి కారణం అదే. ఏఏసీలో ఆ చిక్కు లేదు.

అయితే ఏఏసీలో ఎన్‌కోడరు ఏదన్నది చాలా ముఖ్యం. యాపిల్ ఎన్‌కోడరు అన్నిటికన్నా బాగుంటుంది. విండోస్‌లో క్యూఏఏసీ అనే చిన్న ప్రోగ్రాం ద్వారా వాడొచ్చు, ఐట్యూన్స్‌తో వచ్చే లైబ్రరీలు ఉండాలి. ఫూబార్2000 అనే ప్లేయరులో దాన్ని ఎంచుకుని పని కానివ్వొచ్చు. మ్యాక్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ నుంచే నేరుగా దొరుకుతుంది. దాని తర్వాత ఫ్రౌన్‌హోఫర్ ఎఫ్‌డీకే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత ఏఏసీ వాడాల్సి వస్తే మారే బిట్‌రేటు వద్దు, అది ఇంకా ప్రయోగదశ అని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతుంది. 192 స్థిరంగా పెట్టండి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. లేమ్‌లో వి సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. క్యూఏఏసీలో వి సంఖ్య పెరిగేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, 91 పెడితే 192 కేబీపీఎస్ చుట్టూ వస్తుంది. ఎఫ్‌డీకేలో 1 నుంచి 5 వరకు ఉంటుంది, 5 అన్నిటికన్నా మంచిది. లేమ్ అలవాటులో క్యూఏఏసీకి 2 ఇచ్చేస్తే వచ్చేది వినదగ్గ ఫైలు కాదు. ఒక ఎన్‌కోడరు నుంచి ఇంకోదానికి మారినప్పుడు మొదటి ఫైలు సైజు చూసుకుని తర్వాతే మిగతావి నడపండి.

ఏఏసీలో రకాలు (ప్రొఫైళ్లు) ఉన్నాయి, మీది ఎల్‌సీ అని ఉండాలి. హెచ్ఈ ప్రొఫైల్ 64 కేబీపీఎస్, అంతకన్నా తక్కువ దగ్గర పనికొచ్చేది. అందులో పై సగం స్వరస్థాయిని కింది సగం నుంచి అంచనా వేసి పుట్టిస్తారు. తంబుర జీవాళిని అలా పుట్టించలేరు. కొన్ని ఉచిత కన్వర్టర్లు చెప్పకుండానే దాన్ని పెట్టేస్తాయి. ఫైలును ఎం4ఏ (ఏఏసీని ఉంచే ఫైలు రకం) గా చేయండి, ముందు ఒక్కటి పెన్‌డ్రైవ్‌లో వేసి స్టీరియో తీసుకుంటోందో లేదో చూడండి. ఏఏసీ అని పెట్టె మీద రాసి ఉన్నా ఎం4ఏ తెరవని స్టీరియోలు ఉన్నాయి.

ఫోన్‌కి ఓపస్ అనే ఇంకో ఫార్మాటులో చేయండి. 2012లో ప్రమాణంగా వచ్చింది, ఉచితం, ఆండ్రాయిడ్ 5.0 నుంచి నేరుగా చదువుతుంది. మామూలు సంగీతానికి 128 బాగా సరిపోతుంది. కచేరీలకు మాత్రం 160 పెట్టమంటాను. ఆలస్యం తక్కువగా ఉండేలా ఓపస్‌ని తయారు చేశారు, అందుకని దాని కిటికీల అంచులు ఒకదాని మీద ఒకటి 2.5 మిల్లీసెకన్లే పడతాయి. దాంతో ఆగకుండా మోగే నాదాలను విడదీయడంలో ఏఏసీ అంత బలం లేదు. 2013 చివర్లో వచ్చిన 1.1 వెర్షను నుంచి అలాంటి నాదం కనిపెట్టి దానంతట అదే బిట్లు పెంచుతుంది, కాబట్టి మారే బిట్‌రేటు ఆపకండి. ఫ్రేము నిడివి 20 మిల్లీసెకన్లే ఉంచండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో అప్లికేషను "ఆడియో" అని ఉండాలి, "వీఓఐపీ" రకం ఎంచుకుంటే మాటలకు తగ్గట్టు మలుస్తుంది. ఓపస్ లోపల అంతా 48 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది, 44.1 సీడీ ఫైలును అదే మార్చుకుంటుంది. మీరు ముందుగా మార్చి ఇవ్వాల్సిన పని లేదు.

శ్రుతిపెట్టె

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సీడీ వి2లో చేసి చూశాను, తంబుర నిలబడింది. ఎం4ఏ కూడా స్టీరియో తీసుకుంటోంది.

క్యాసెట్ల దగ్గర మాత్రం వింతగా ఉంది. అదే వి2 పెడితే సీడీ ఫైళ్ల కన్నా క్యాసెట్ ఫైళ్లే పెద్దవిగా వస్తున్నాయి, కొన్ని 220 దాటాయి. వినడానికి మాత్రం మందంగా ఉన్నాయి. ఎక్కువగా పాత మోనో రికార్డింగులు, స్టీరియో డెక్ మీద 44.1, 16 బిట్‌తో ఎక్కించినవి.

అజిముత్

పెద్దవి కావడానికి కారణం టేపు రొద. ఒక నాదాన్ని కొద్ది గీతలతో రాసేయొచ్చు. రొదకు క్రమం ఉండదు, ప్రతి గీతలోనూ ఏదో ఒకటి ఉంటుంది, ఎన్‌కోడరు దాన్నంతా నమ్మకంగా రాస్తుంది. మోనో రికార్డింగును స్టీరియోలో ఎక్కిస్తే ఇంకో అనవసర ఖర్చు కూడా ఉంది. సంగీతం రెండు ఛానెళ్లలో ఒకటే, రొద మాత్రం ఎడమది వేరు, కుడిది వేరు. పైన చెప్పిన మొత్తం-తేడా పద్ధతిలో "తేడా" ఛానెల్ అంటే అచ్చంగా టేపు రొదే. మీ 220 కేబీపీఎస్‌లో పెద్ద వాటా దానికే పోతోంది.

అందుకని మోనో క్యాసెట్లను మోనో ఫైళ్లుగానే చేయాలి. రెండు ఛానెళ్లూ కలిపితే సంగీతంతో పోలిస్తే రొద 3 డెసిబెల్ తగ్గుతుంది, అది ఊరికే వచ్చే లాభం. కానీ కలిపే ముందు ఒకటి చూసుకోవాలి, మీ ఫైళ్లు మందంగా ఉండడానికి కారణం కూడా బహుశా అదే. డెక్ హెడ్ టేపుకి సరిగ్గా నిలువుగా లేకపోతే ఎడమ ఛానెలు, కుడి ఛానెలు కొద్దిపాటి కాలం తేడాతో వస్తాయి. 44.1 దగ్గర రెండు శాంపిళ్ల తేడా ఉన్నా చాలు, కలిపినప్పుడు 11 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకదాన్ని ఒకటి పూర్తిగా కొట్టేస్తాయి, చుట్టుపక్కల కూడా బాగా తగ్గిపోతుంది. తాళం మెరుపు, తంబుర జీవాళి, గాత్రంలో సకారాలు అన్నీ అక్కడే పోతాయి.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటరులో ఫైలు తెరిచి, మృదంగం దెబ్బ ఒకటి పట్టుకుని, శాంపిళ్లు చుక్కలుగా కనిపించేదాకా జూమ్ చేయండి. రెండు ఛానెళ్లలో ఆ దెబ్బ శిఖరాలు ఒకే నిలువులో ఉన్నాయా చూడండి. రెండు మూడు శాంపిళ్లు పక్కకు ఉంటే ఛానెళ్లను విడదీసి ఒకదాన్ని జరపండి. టేపు పొడవునా తేడా మారుతూ ఉంటే జరిపి లాభం లేదు, శుభ్రంగా ఉన్న ఛానెలు ఒకటి ఉంచుకుని రెండోది తీసేయండి. కలిపి పాడుచేయడం కన్నా ఒకటే మేలు.

టేపులు ఇంకా ఉంటే మంచివాటిని మళ్లీ ఎక్కించమంటాను. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది, డెక్ నడుస్తుండగా దాన్ని తిప్పాలి. శబ్దాన్ని మోనోగా కలిపి వింటూ, రొద, సకారాలు అన్నిటికన్నా స్పష్టంగా వినిపించే చోట ఆపండి. ఒక్కో క్యాసెట్టుకి ఇది మారుతుంది, ఎందుకంటే అది రికార్డయిన డెక్ హెడ్ ఎంత వాలి ఉందో మీది అంతే వాలాలి. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవరు వాడండి, మామూలుది హెడ్‌కి తగిలితే హెడ్ మీద అయస్కాంతత్వం నిలిచి రొద పెరుగుతుంది. 24 బిట్‌లో, శిఖరాలు మైనస్ 6 నుంచి మైనస్ 10 డెసిబెల్ మధ్య ఉండేలా ఎక్కించండి. తర్వాత 16 బిట్‌కి దించాల్సిన పని లేదు. లేమ్, క్యూఏఏసీ, ఓపస్ అన్నీ 24 బిట్ నేరుగా తీసుకుంటాయి.

రొద తగ్గింపు గురించి. ఆడాసిటీ నాయిస్ రిడక్షన్‌లో 6 డెసిబెల్ దాటకండి. 15, 20 పెడితే టేపు నిశ్శబ్దంగానే అవుతుంది, కానీ తంబుర కూడా ఆగకుండా ఉండే శబ్దం కాబట్టి దాన్నీ రొదగా లెక్కేసి తినేస్తుంది. తిన్నాక మిగిలిన తునకల మీద ఎన్‌కోడరు పనిచేస్తే వణుకు ఇంకా ఎక్కువవుతుంది. రొద నమూనాను తంబుర మొదలవకముందు ఉన్న వట్టి టేపు నుంచే తీసుకోండి, ఒక సెకను దొరికినా చాలు. దొరకకపోతే ఆ పని వదిలేయండి, రొద ఉన్న కచేరీ వినొచ్చు, తంబుర చచ్చిపోయిన కచేరీ వినలేం.

కరెంటు హమ్ 50 హెర్ట్జ్ దగ్గర సన్నటి నాచ్‌తో (ఆ ఒక్క చోటే కోసే ఫిల్టరు) తీసేయొచ్చు. 100 దగ్గర మాత్రం శ్రుతి చూసుకుని చేయండి. ఒకటి శ్రుతి కచేరీ అయితే తంబుర పంచమం 98 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, 100 దగ్గర వెడల్పుగా కోస్తే పంచమం పోతుంది. అడుగున వచ్చే గరగరకు 30 హెర్ట్జ్ కిందిది కోసేసే హై-పాస్ ఫిల్టరు చాలు. 80 పెట్టమని చెప్పే సలహాలు మాటల రికార్డింగులకు సంబంధించినవి, మృదంగం ఎడమ మూత నాదం దానికి బలైపోతుంది.

ఇవన్నీ అయ్యాక లేమ్‌లో మోనో, వి2, లో-పాస్ 16 కిలోహెర్ట్జ్ పెట్టండి. పాత క్యాసెట్టులో 16 పైన ఉన్నది రొద మాత్రమే, చాలావాటిలో 12 పైనే ఏమీ ఉండదు. ఫైలు సైజు ఇప్పుడున్న దాంట్లో సగానికి దగ్గరగా వస్తుంది, నాదం మెరుగవుతుంది.

గమకం_గురి

శబ్దస్థాయి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. కొత్త సీడీలు శిఖరాలు సున్నా డెసిబెల్‌కి, అంటే డిజిటల్‌లో గరిష్ఠ స్థాయికి, ఆనించి వస్తాయి. ఎన్‌కోడ్ చేసి విప్పినప్పుడు తరంగ రూపం కొద్దిగా మారుతుంది కాబట్టి శిఖరం సున్నా దాటి 1 డెసిబెల్ దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. కంప్యూటర్లో ఫ్లోటింగ్ పాయింటుతో విప్పే ప్లేయరుకి ఇబ్బంది లేదు. కారు స్టీరియో అక్కడే కత్తిరించేస్తుంది, మృదంగం చాపు దెబ్బ పగిలినట్టు వినిపిస్తుంది. జనం దీన్ని బిట్‌రేటు లోపం అనుకుని 320కి వెళ్తారు, అయినా పోదు. లేమ్‌లో స్కేలు 0.89 ఇవ్వండి, 1 డెసిబెల్ తగ్గుతుంది. ఇప్పటికే చేసేసిన ఎంపీ3లకైతే ఎంపీ3గెయిన్‌తో 1.5 డెసిబెల్ మెట్లలో తగ్గించొచ్చు, మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి నష్టం లేదు.

అన్నీ ఒకే స్థాయికి తేవాలని ఎఫ్ఎఫ్ఎంపెగ్ లౌడ్‌నార్మ్ ఫిల్టరు ఒక్కసారి నడిపే పద్ధతిలో వాడకండి. అది నడుస్తూనే స్థాయి మారుస్తుంది. ఆలాపన మొదట్లో పాడే మంద్రస్థాయి పెద్దదైపోతుంది, తారస్థాయికి వెళ్లేసరికి అణిగిపోతుంది, గాయకుడు కట్టుకుంటూ వెళ్లిన ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. పైగా ఫైలును 192 కిలోహెర్ట్జ్‌కి మార్చి బయటకు ఇస్తుంది, మీరు 44.1 అని విడిగా చెప్పకపోతే ఎన్‌కోడరు దగ్గర గందరగోళం. ఆల్బమ్ రీప్లేగెయిన్ (ఎంత స్థాయిలో వాయించాలో ట్యాగులో రాసే పద్ధతి) వాడండి, కచేరీ అంతటికీ ఒకే అంకె పడుతుంది.

విజయవాడ_వినికిడి

ఇంత ఎందుకండీ, 32 జీబీ ఉందిగా. అన్నీ 320 స్థిరం పెట్టేస్తే 28.8 జీబీ, సరిపోతుంది.

బిట్ల_లెక్క

సరిపోతుంది, తప్పేమీ లేదు. మారే బిట్‌రేటు ఫైళ్లకు నిడివి తప్పుగా చూపే పాత స్టీరియోలు ఉన్నాయి, వాటికి 320 లేదా 256 స్థిరమే మంచి మార్గం. కానీ రెండు సంగతులు. 320 దగ్గర ఫ్రేము అప్పటికే గరిష్ఠ సైజులో ఉంటుంది కాబట్టి కష్టమైన చోటికి దాచిపెట్టి వాడే వీలు దాదాపు ఉండదు. 1993 నాటి ప్రమాణంలో ఉన్న కిటికీ పొడవుల వల్ల వచ్చే ప్రీ-ఎకో 320లోనూ కొంత మిగులుతుంది, ఘటం లాంటి వాటికి ఏఏసీ 192 మెరుగని నా నమ్మకం. రెండోది, మూలం ఫ్లాక్ అయితేనే ఈ మాట. నెట్ నుంచి దించుకున్న వీడియో ఆడియోను 320 చేస్తే బాగుపడదు. అప్పటికే 128 నుంచి 160 మధ్య ఓపస్‌గానో ఏఏసీగానో పిండినదాన్ని మళ్లీ పిండినట్టు. దాన్ని ఉన్న రూపంలోనే ఉంచుకోవాలి.

మూలం అసలుదా కాదా అని స్పెక్ అనే ప్రోగ్రాంలో స్పెక్ట్రం చూస్తారు, 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఉంటే ఎంపీ3 నుంచి వచ్చిందంటారు. కొత్త రికార్డింగులకు ఈ పరీక్ష పనికొస్తుంది. 1960ల నాటి వాటికి పనికిరాదు, టేపు మీదే పైన ఏమీ లేదు కాబట్టి అసలుదీ నకలుదీ ఒకేలా కనిపిస్తాయి.

ఎవరి మాటా నమ్మకుండా మీ చెవితోనే తేల్చుకోవాలంటే ఫూబార్2000లో ఏబీఎక్స్ కంపారేటర్ వేసుకోండి. ఫ్లాక్, ఎన్‌కోడ్ చేసిన ఫైలు రెండూ ఇచ్చి, ఏది ఏదో చూపకుండా 16 సార్లు గుర్తుపట్టమనండి. 12 సరిగ్గా చెబితే అది గాలివాటం కావడానికి అవకాశం 4 శాతం లోపే, నిజంగా తేడా వినిపిస్తోందన్నమాట. 8, 9 వస్తే ఆ సెట్టింగు మీకు చాలు. మొత్తం పాట పెట్టుకోకండి, 10 సెకన్ల ముక్కలు చాలు. గాయకుడు అందుకోకముందు వట్టి తంబుర ఉన్న చోట ఒకటి, తనిలో ఘటం ఒంటరిగా వాయించే చోట ఒకటి, తారస్థాయిలో గాత్రం, వయొలిన్ కలిసే చోట ఒకటి. చప్పట్ల ముక్క పెట్టుకోవద్దు. ఏ ఎన్‌కోడరుకైనా చప్పట్లు మహా కష్టం, అక్కడ తేడా దొరికిందని బిట్‌రేటు పెంచుకుంటూ పోతే చప్పట్ల కోసం పెన్‌డ్రైవ్ నింపినట్టవుతుంది.

హంసధ్వని_హెచ్‌వైడీ

ట్రాకుల మధ్య ఖాళీ మిగిలిపోయింది. ఎంపీ3 ఫ్రేములు 1152 శాంపిళ్లవి, పాట అందులో సరిగ్గా ఇమడదు కాబట్టి చివర సున్నాలు కలుపుతారు. మొదట్లో ఎన్‌కోడరు 576 శాంపిళ్ల ఆలస్యం, విప్పేటప్పుడు 529 కలుస్తాయి. ఎంత కోసేయాలో లేమ్ ఫైలు మొదట్లో రాసిపెడుతుంది, ఫోన్ ప్లేయర్లు చాలావరకు దాన్ని చదివి అతికిస్తాయి. కారు స్టీరియోలు ఎక్కువగా పట్టించుకోవు. అందుకని కారు కోసం ఆలాపన, కృతి, నెరవు, స్వరకల్పన, తని కలిసి ఉన్న అంశాన్ని ఎన్‌కోడ్ చేయకముందే ఫ్లాక్ దశలో ఒకే ఫైలుగా కలిపేయండి. రాగం-తానం-పల్లవికి ఇది తప్పనిసరి. ఎంపీ3లు చేశాక వాటిని అతికిస్తే ఖాళీ లోపల ఉండిపోతుంది.

పాటల పేర్లు తెలుగులో రాసుకుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఐడీ3 (పాటల పేర్లు దాచే ట్యాగు) వెర్షను 3 అని చెప్పండి, మామూలుగా అది 4 రాస్తుంది, చాలా స్టీరియోలకు అది అర్థం కాదు. తెరమీద గజిబిజి గుర్తులు వస్తుంటే దీంతో పోతుంది. ఖాళీ డబ్బాలు వస్తుంటే మాత్రం స్టీరియోలో తెలుగు ఫాంటే లేదని అర్థం, ఏ ట్యాగూ ఏమీ చేయలేదు, కారు ప్రతికి ఇంగ్లిషు అక్షరాల్లో పేర్లు పెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఫైలు పేరు ముందు 01, 02 అని వేసి, అదే వరుసలో కాపీ చేయండి. పేరు వరుస చూడకుండా, కాపీ అయిన వరుసలోనే వాయించే స్టీరియోలు ఉన్నాయి, వాటిలో వర్ణం కన్నా ముందు మంగళం వస్తుంది.

శ్రుతిపెట్టె

అంశాలన్నీ ఫ్లాక్‌లో కలిపి క్యూఏఏసీ 91తో కారుకి, ఓపస్ 160తో ఫోన్‌కి చేస్తాను. క్యాసెట్లలో ఒకదాన్ని జూమ్ చేసి చూశాను, కుడి ఛానెలు మూడు శాంపిళ్లు వెనక ఉంది, 20 నిమిషాల తర్వాత చూస్తే ఐదు. దీనికి ఒక్క ఛానెలే ఉంచుకోవాలా?

అజిముత్

అవును, అంత జారుతుంటే ఒకటే ఉంచండి. రెండు ఛానెళ్లూ విడివిడిగా విని, అంచు దెబ్బతినని వైపు తీసుకోండి. క్యాసెట్టులో ఎడమ ఛానెలు టేపు బయటి అంచున రాసి ఉంటుంది, నలిగిన టేపుల్లో ముందు మసకబారేది అదే, కాబట్టి చాలాసార్లు కుడిదే నిలుస్తుంది. తీసేసిన ఛానెలు ఉన్న అసలు వేవ్‌ని మాత్రం ఫ్లాక్‌గా దాచండి. ఫ్లాక్‌లో 0 నుంచి 8 దాకా ఏ స్థాయి పెట్టినా నాణ్యత ఒకటే, సైజు, పట్టే సమయం మాత్రమే మారతాయి, 5 ఉంచేయండి.